రాయప్ప ఎత్తు చెట్లు

తిరువూరు బస్టాండు వెనక వీధిలో చెట్లన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. జామ, నిమ్మ, ఉసిరి, కరివేపాకు, ఆఖరికి నందివర్ధనం కూడా. నేల మీద నిలబడి చెయ్యెత్తితే ఎంత అందుద్దో అంతే. కొత్తగా అద్దెకొచ్చినోళ్లు చూసి, ఇదేదో నర్సరీ వాళ్ల పొట్టి రకం అనుకుంటారు. రకం కాదు. రాయప్ప మోకాలు.

రాయప్ప బడి మానేసిన ఏడే రెడ్డిగూడెం మామిడి తోటల్లో కోతలకి పోయాడు. వయసంతా చెట్ల మీదే గడిచింది. పెళ్లి మాటలకి జ్ఞానమణి వాళ్ల నాన్న తోటకే వచ్చాడు. కోత మధ్యలో దిగనివ్వరు కాబట్టి ఆయన కింద నిలబడి, తల పైకెత్తి మాట్లాడి వెళ్లాడు. "మొహం ఆకుల్లో సరిగ్గా కనపళ్లా. కాళ్లు మాత్రం గట్టివి" అని ఇంట్లో చెప్పాడంట. జ్ఞానమణి ఇప్పటికీ ఆ మాట ఎత్తుద్ది.

"మా నాన్న చూసిందల్లా ఆ కాళ్లే. అవీ పోయినై."

తోటల్లో ఓపిక తగ్గాక రాయప్ప ఊళ్లో ఇళ్లకి మళ్లాడు. ఇళ్లల్లో చెట్లకి ఏడాదంతా ఏదో ఒక పని ఉంటది. మామిడికాయ దిగాక ఎండుకొమ్మ తీసి, పాదు తవ్వి, పశువుల ఎరువు వెయ్యాలి. వానల్లో మందారం, కరివేపాకు దించాలి. వానలు వెనకపట్టాక గులాబీ కత్తిరించాలి. చలికాలంలో మల్లెపొదకి నీళ్లు ఆపి, ఆకు దూసి, పొట్టిగా కొయ్యాలి, అప్పుడు గానీ ఎండలకి మొగ్గ తియ్యదు. ఎండాకాలం మొదళ్లకి సున్నం కొట్టి పాదుల్లో ఎండాకు పరవాలి. ఇంటివాళ్లు మర్చిపోయినా రోజులు చూసుకుని రాయప్పే వచ్చి గేటు చప్పుడు చేసేవాడు.

ఆ తర్వాత కుడి మోకాలు మొరాయించింది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి అడ్డం పెట్టి చూశాడు.

"గుజ్జు అరిగిపోయింది. చెట్లెక్కొద్దు. గొంతుక్కూర్చోవద్దు."

"మరి ఏం చెయ్యొచ్చండి?"

"నడవచ్చు. నిదానంగా."

చెట్టెక్కడం, పాదు దగ్గర గొంతుక్కూర్చోవడం తీసేస్తే రాయప్ప పనిలో ఇంక మిగిలేది మధ్యలో తాగే టీ ఒక్కటే.

కాలు సంగతి బయటపడితే ఏమవుద్దో రాయప్పకి తెలుసు. ఎ.కొండూరు నుంచి ఐజాక్ అని ఒకడు బండేసుకుని వస్తాడు. వయసులో ఉన్నాడు, బ్యాటరీ రంపం ఉంది, చెప్పులు విప్పకుండానే సగం చెట్టెక్కుతాడు. ఎక్కలేనోణ్ణి చెట్ల పనికి ఎవరు పిలుస్తారు? ఒక్క ఇల్లు ఐజాక్‌ని పిలిస్తే వీధి వీధంతా పిలుస్తుంది. అప్పుడు రాయప్పకి మిర్చి కోతలే దిక్కు. అక్కడ పొద్దస్తమానం వంగే ఉండాలి. అందుకని కాలు సంగతి జ్ఞానమణికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పాదులకి పొడుగు కర్ర వేసిన పార చేయించుకున్నాడు. చెట్లు మిగిలాయి. తను చెట్టు దగ్గరికి పోలేడు కాబట్టి చెట్టునే తన దగ్గరికి దించాలనుకున్నాడు.

ముందు గిరిబాబు ఇంట్లో మొదలుపెట్టాడు. గిరిబాబుకి ఎరువుల కొట్టు ఉంది, రెండంతస్తుల డాబా ఉంది, పెరట్లో జామచెట్టు ఉంది.

"ఈసారి తల కొట్టేద్దామండి. ఇప్పుడంతా పొట్టిగా పెంచుతున్నారు" అన్నాడు రాయప్ప.

"ఎవరు?"

"అందరూనండి."

అందరూ చేసేది తను చెయ్యకపోతే గిరిబాబుకి నిద్ర పట్టదు. "కానీ" అన్నాడు. రాయప్ప స్టూలు మీద నిలబడి, పళ్లు బిగబట్టి తల తీసి, కోసినచోట పేడ రాశాడు. వానలకి జామ కింద నుంచి గుబురుగా కొమ్మలేసి, నేల మీద నిలబడి కోసుకునేట్టు కాసింది. గిరిబాబు కొట్టుకొచ్చిన రైతులందరికీ చెప్పాడు. నెమలి ఊళ్లో మామగారికి చెప్పి వాళ్ల పెరడంతా దించేయించాడు. "ఇది కొత్త పద్ధతి. నేనే దగ్గరుండి చేయించా" అనేవాడు. ఆ దెబ్బకి వీధిలో వాళ్లంతా మాదీ దించు, మాదీ దించు అని రాయప్పని పిలిచారు. రాయప్ప పెద్దగా మాట్లాడకుండా దించుకుంటూ పోయాడు. కొన్నాళ్లకి స్టూలు కూడా అక్కర్లేకుండా పోయింది.

ఒక్క చెట్టు మాత్రం మిగిలింది. నాగేంద్రమ్మ గారి చిన్నరసం మామిడి.

నాగేంద్రమ్మ గారిది గిరిబాబు పక్కిల్లు. భర్త హనుమయ్య గారు పోయారు. కొడుకు విస్సన్నపేటలో మందుల షాపు చూసుకుంటాడు. కోడలు గీతాంజలి, స్కూల్లో లెక్కల టీచరు. మామిడి గిరిబాబు డాబాని దాటి పైకి పోయింది. రాయప్ప దాని తల సంగతి ఎత్తగానే పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"దాని తల తీశావంటే గిరిబాబు డాబా మీంచి నా పొయ్యి మీద ఏం ఉడుకుతుందో కనపడుద్ది. ఇప్పటికే వాసన చూసి చెప్తున్నాడు. వీల్లేదు."

ఆ చెట్టు పైన బదనిక పట్టింది. బదనికంటే చెట్టు మీద బతికే చెట్టు. పిట్టలు గింజ తెచ్చి కొమ్మకి అంటిస్తాయి. అది కొమ్మలోకి వేరు దింపి, వెళ్లని చుట్టంలాగా కూర్చుని తింటది. ఏటా ఎవరో ఒకరు ఎక్కి, పట్టిన కొమ్మతో సహా కోసి పారెయ్యాలి. మోకాలు బాగున్నన్నాళ్లు రాయప్ప కోశాడు. తర్వాత ఒక ఏడు, ఎర్రచీమలు పట్టినై, ఇప్పుడు కాదన్నాడు. మరుసటేడు, కొమ్మలు తడిగా ఉన్నాయి, జారుద్దన్నాడు. అది మే నెల. నాగేంద్రమ్మ గారు ఆకాశం వంక చూసి లోపలికెళ్లింది.

చెట్టు మొదటేడు పచ్చడికి సరిపడా కాసింది. రెండో ఏడు పిందె నిలవలేదు. బదనిక మాత్రం బాగా పూసింది. పెద్దావిడకి చూపు మసక.

"పైన ఎర్రగా ఏంట్రా అది, పూతా?"

"చిగురండి" అన్నాడు రాయప్ప.

ఆ మాట అన్నాక ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు. చెట్టు ఎందుకు కాయట్లేదో తనకి తెలుసు. చెప్పాలంటే ఎక్కాలి. ఎక్కకపోతే ఎందుకెక్కవో చెప్పాలి.

వానలు వెనకపట్టాక ఒకరోజు నాగేంద్రమ్మ గారు కబురు పెట్టింది.

"చెట్టుని బెదిరిద్దాం రాయప్పా. మా అత్తగారు బెదిరించేది. కాయని చెట్టుకి భయం పెడితే కాస్తది. ఆదివారం అమావాస్య, మంచిది. నువ్వు గొడ్డలి పట్టుకుని, కాయని చెట్టు ఎందుకు, కొట్టేస్తా అనాలి. నేను వచ్చి, వద్దయ్యా, వచ్చే ఏడు కాస్తదిలే అని బతిమాలతా. అంతే. మధ్యలో ఎవరూ నవ్వకూడదు. నవ్వితే మనం ఆడుకుంటున్నామని చెట్టుకి తెలిసిపోద్ది."

"చిన్నమ్మగారికి చెప్పారా?"

"గీతకా? చెప్పకు. అది నవ్వుద్ది."

ఎక్కే పని కాదు కాబట్టి రాయప్ప సరేనన్నాడు.

ఆదివారం చర్చి నుంచి అటే పోదామని గొడ్డలి వెంట తీసుకెళ్లాడు. చర్చి గుమ్మం దగ్గర చెప్పుల పక్కన పెడుతుంటే పాస్టరు ప్రభుదాసు గారు చూశారు.

"ఏంటి రాయప్పా, ఆదివారం పూట చెట్టు కొడతావా?"

"కొట్టనండి. కొడతానని చెప్పి రావాలంతే."

"అంటే అబద్ధమాడతావా?"

"చెట్టుతోనండి."

పాస్టరు గారు కాసేపు గొడ్డలి వంక చూసి, ప్రార్థనకి టైమైందని లోపలికెళ్లారు.

ఆరాధన అయ్యాక రాయప్ప తెల్లచొక్కా మెడదాకా బొత్తాలు పెట్టుకుని, గొడ్డలి భుజాన వేసుకుని నాగేంద్రమ్మ గారి పెరట్లోకి వచ్చాడు. పెద్దావిడ వంటింటి గుమ్మంలో నిలబడి కళ్లతో సైగ చేసింది. రాయప్ప చెట్టు ముందుకెళ్లి, గొంతు సవరించుకున్నాడు. ఎప్పుడూ ఎవర్నీ బెదిరించినోడు కాదు. ఆ పెరట్లో నోరు తెరిస్తే వచ్చే మాటే వచ్చింది.

"మీరు కాయకపోతే కొట్టేస్తానండి" అన్నాడు చెట్టుతో.

గుమ్మంలో ఏదో చప్పుడైంది. నాగేంద్రమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఊగిపోతుంటే గోడ పట్టుకుని వంటింట్లోకి పోయింది.

బతిమాలే మనిషి లేదు. రాయప్ప గొడ్డలి ఎత్తి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచక ఇంకోసారి, కాస్త గట్టిగా అన్నాడు.

"కొట్టేస్తానండీ!"

అప్పుడే గీతాంజలి ఉతికిన బట్టల బకెట్టుతో పెరట్లోకి వచ్చింది.

"కొట్టేయండి. రోజూ ఆకులు ఊడ్చలేక చస్తున్నా. ఎటూ కాయట్లేదు."

బకెట్టు కింద పెట్టి, దారికి అడ్డం లేకుండా జరిగి నిలబడింది. డాబా మీంచి గిరిబాబు తల కనపడింది.

"పిన్నిగారూ, మామిడి కొట్టిస్తున్నారా? మంచి పని. మా మేడగదికి ఎండే రావట్లేదు."

రాయప్ప ఇద్దరి వంకా చూశాడు. వీళ్లకి ఆట సంగతి తెలియదు. ఇంటి కోడలు నోటితో కొట్టమంది. పక్కింటాయన సాక్ష్యం ఉన్నాడు. రేపు ఎవరడిగినా తన తప్పేం లేదు. మొదలు కొట్టాలంటే నేల మీద నిలబడే కొట్టొచ్చు, మోకాలితో పని లేదు. ఈ ఒక్క చెట్టు పోతే వీధిలో ఎక్కాల్సిన చెట్టే ఉండదు. ఐజాక్‌ని పిలవాల్సిన అవసరం ఎవరికీ రాదు. బదనిక కూడా చెట్టుతోనే పోద్ది.

గొడ్డలి ఎక్కడ వెయ్యాలా అని మొదలు వంక చూశాడు. నేలకి జానెడు పైన ఒక బుడిపె ఉంది. ఎక్కేటప్పుడు మొదటి అడుగు దాని మీదే వేసేవాడు, కుడికాలు. అక్కడ బెరడు నున్నగా అరిగి మెరుస్తోంది.

రాయప్ప గొడ్డలి దించాడు.

"వద్దండి" అన్నాడు.

గీతాంజలికి అర్థం కాలేదు. "మీరే కదా కొట్టేస్తానన్నారు?"

"అన్నానండి. ఈ ఒక్క ఏడు ఉంచండి. కాస్తది."

"ఎట్లా కాస్తది? రెండేళ్ల నుంచి సరిగ్గా కాయంది."

"తప్పు చెట్టుది కాదండి."

"మరి ఎవరిది?"

"పైన బదనిక పట్టిందండి. తియ్యలా."

"ఎందుకు తియ్యలేదు?"

లెక్కల టీచరు. ఒకసారి అడగడం మొదలుపెడితే చివరిదాకా అడుగుద్ది.

"ఎక్కలేదండి."

"ఎందుకెక్కలేదు?"

"ఎక్కలేకండి. మోకాలు పోయింది." గొడ్డలి కర్రతో మోకాలు చూపించాడు. ప్యాంటు లోపల ఉంది కాబట్టి ఎవరికీ ఏం కనపళ్లేదు.

డాబా మీద నుంచి గిరిబాబు వంగాడు. "అయితే మా జామచెట్టు...?"

"అదీ అందుకేనండి."

"ఉసిరి?"

"అదీనండి."

"మరి ఇప్పుడంతా పొట్టిగా పెంచుతున్నారన్నావు!"

"అన్నానండి. అప్పటికి నేనొక్కణ్ణే."

గిరిబాబు తల వెనక్కి తీసుకున్నాడు. మెట్లు దిగే చప్పుడు వినపడింది. నవ్వు ఆపుకుని వచ్చిన నాగేంద్రమ్మ గారు గుమ్మంలో నిలబడి అంతా వింది. కళ్లు చిన్నవి చేసి చెట్టు పైకి చూసింది.

"అయితే అది చిగురు కాదన్నమాట."

"కాదండి."

"రెండేళ్ల కాయ పోగొట్టావు కదరా."

రాయప్ప గొడ్డలి భుజాన వేసుకుని గేటు దాకా నడిచాడు. అన్నాళ్లూ ఆ వీధిలో కుంటడం దాచుకుంటూ నడిచినోడు, ఆ రోజు మాత్రం కుంటుకుంటూనే పోయాడు.

ఇంటికెళ్లి చెప్తే జ్ఞానమణి చేటలో బియ్యం పక్కన పెట్టింది.

"ఎవరడిగారయ్యా నిన్ను? కొట్టేయమన్నారు, కొట్టేసి రావచ్చుగా?"

"చెయ్యి రాలా."

"ఇప్పుడేం చేద్దామని?"

"మిర్చి కోతలు ఎప్పటినుంచంట?"

"ఆ మోకాలు పెట్టుకుని మిర్చికొస్తావా? నా సాలులో కూర్చుని కబుర్లు చెప్తావా?" అంటూనే వేణ్ణీళ్లు పెట్టింది, మోకాలు కాపడానికి.

వారం తిరక్కుండా గీతాంజలి ఫోన్ చేసి ఐజాక్‌ని పిలిపించింది. పెద్దావిడ రాయప్పకీ కబురు పెట్టింది, ఏ కొమ్మ ఎక్కడ పట్టిందో చూపించడానికి. రాయప్ప వెళ్లి కింద తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఐజాక్ రంపం మెడకి తగిలించుకుని ఒక్క ఊపున పైకి పోయాడు.

"బాబాయ్, ఈ చిగురు కోసెయ్యనా?" అని పై నుంచి అరిచాడు. ఊరంతా తెలిసిపోయింది మరి.

"బదనిక దగ్గర కాదురా, జానెడు కిందకి కొయ్యి. వేరు లోపల ఉంటది."

ఐజాక్ చాలాసేపు కోశాడు. దిగేటప్పటికి చేతులు, మెడ ఎర్రగా దద్దుర్లు లేచి ఉన్నాయి. చొక్కా విప్పి దులుపుకుంటూ గంతులేశాడు.

"ఇన్ని ఎర్రచీమలున్నాయని చెప్పవేంటి బాబాయ్?"

"మొదటేడే చెప్పా" అన్నాడు రాయప్ప.

ఆ పని అయితే అయింది. గులాబీలు కత్తిరించే రోజులు వచ్చాయి. ఎప్పుడూ తనే గేటు చప్పుడు చేసే రాయప్ప ఈసారి ఇంట్లోనే కూర్చున్నాడు. పిలవని ఇంటికి, అదీ సంగతి తెలిసిపోయాక, ఏ మొహంతో పోతాడు? కత్తెర గూట్లో ఉండిపోయింది. జ్ఞానమణి మిర్చి మేస్త్రీతో మాట్లాడి కూడా వచ్చింది.

వీధిలో వాళ్లు పిలిచింది ఐజాక్‌నే. ఐజాక్ రంపం తెచ్చుకుని ఇల్లిల్లూ తిరిగాడు. నర్సు పుష్పలత గారింట్లో సపోటా కింద నిలబడి, ఎక్కడ కాలు పెట్టాలా అని చూశాడు. సపోటా అతని తలకంటే కాస్త ఎత్తుంది. ఎక్కితే చెట్టే వంగుద్ది. పక్కిల్లూ అంతే. ఆ పక్కదీ అంతే. చివరికి రంపం సంచిలో పెట్టుకుని రాయప్ప ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"మీ వీధిలో నాకేం పనుంది బాబాయ్? అన్నీ కింద పనులే. పాదులూ, కత్తిరింపులూ. నాకు వంగే పని పడదు."

"వయసులో ఉన్నావు, వంగలేవా?"

"వంగి చేసేవాడినైతే రంపం ఎందుకు కొంటా?"

గిరిబాబు మాత్రం రాయప్ప మీద ఒక్క మాట పడనివ్వలేదు. కొట్టు దగ్గర ఎవరో, "ఏమండీ, అదంతా మోకాలి వల్లంట కదా" అంటే గిరిబాబు మండిపడ్డాడు. "మోకాలేంటయ్యా? పద్ధతంటే పద్ధతే. నెమలిలో మా మామగారి పెరడు చూసొచ్చి మాట్లాడు." ఆ మర్నాడే రాయప్పని పిలిచి జామకి పాదు తీయించుకున్నాడు. తర్వాత పుష్పలత గారు పిలిచింది. "మా గులాబీలు అడివైపోయాయి, రేపొచ్చెయ్యి" అంది. అట్లా ఒక్కొక్క ఇల్లూ వచ్చింది. జ్ఞానమణి వెళ్లి మేస్త్రీకి కాదని చెప్పొచ్చింది.

చలి బాగా ముదిరాక, రాయప్ప నాగేంద్రమ్మ గారి మల్లెపొదకి ఆకు దూస్తున్నాడు. పైన ఏదో వాసనేసి తలెత్తాడు. మామిడి పూసింది. చెట్టంతా కాదు. గిరిబాబు డాబా వైపు ఉన్న కొమ్మలు మాత్రమే. ఈసారి చిగురు కాదు.

"అమ్మగారూ, పూత" అన్నాడు.

నాగేంద్రమ్మ గారు వచ్చి చూసింది. చాలాసేపు చూసి, లోపలికి కేకేసింది.

"గీతా! చూశావా, పూసింది! నీ వల్లే."

"నా వల్లేంటి అత్తయ్యా? బదనిక తీయించాం, పూసింది."

"బదనికా లేదు, ఏం లేదు. మా అత్తగారు బెదిరించినప్పుడల్లా అది ఆటని చెట్టుకి తెలుసు. నువ్వు నిజంగా కొట్టేయమన్నావు. అడ్డం లేకుండా పక్కకి కూడా జరిగావు. దానికి భయమేసింది."

గీతాంజలి రాయప్ప వంక చూసింది, మీరైనా చెప్పండి అన్నట్టు. రాయప్ప మల్లెపొదలోకి తల పెట్టి ఆకు దూసుకున్నాడు.

పెద్దావిడ ఊరుకోలేదు. వీధిలో కనపడినోళ్లందరికీ చెప్పింది. ఆ ఆదివారం పుష్పలత గారు గీతాంజలిని టీకి పిలిచింది. టీ ఇచ్చి, పెరట్లోకి తీసుకెళ్లింది.

"ఈ సపోటా పిందె రాల్చేస్తుంది టీచరుగారూ. మీరొక మాట అంటారా?"

గీతాంజలి కాదనలేక, "సరే, కొట్టేయండి" అంది, హోంవర్కు చెయ్యని పిల్లాడితో అన్నట్టు. పక్కన గొడ్డలితో ఒక మనిషి ఉండాలి కాబట్టి రాయప్పని పిలిపించారు. బతిమాలేది కూడా రాయప్పే. నాగేంద్రమ్మ గారికి నవ్వొస్తది, ఆమెని నమ్మడానికి లేదు.

"ఈ ఒక్క ఏడు ఉంచండి" అన్నాడు రాయప్ప.

"ఎందుకు?" అంది గీతాంజలి. అడగకుండా ఉండలేదు.

"పాదు ఇరుకైపోయిందండి. వెడల్పుగా తవ్వి ఎరువేస్తాను."

తవ్వి ఎరువేశాడు. తర్వాత ఆదివారం ఇంకో ఇంట్లో నిమ్మ. ఆ తర్వాత గిరిబాబు, ఏమీ తెలియనట్టు, ఉసిరి.

జ్ఞానమణికి ఈ సంగతి మింగుడు పడలేదు. "అంటే ఏంటయ్యా, గొడ్డలి పట్టుకుని నిలబడ్డానికి పిలుస్తున్నారా నిన్ను?"

"నిలబడి బతిమాలాలి కూడా."

"అదైతే నీకు ముందు నుంచీ వచ్చులే. మా నాన్నని అట్లాగే కదా పట్టావు, చెట్టు మీద కూర్చుని."

రాయప్ప మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. గొడ్డలి మూలన ఉంది. దానికి పదును పెట్టి చాలా రోజులైంది. పెట్టాల్సిన పని కూడా లేదు.